యంత్రం సాక్ష్యం చెప్పినప్పుడు

(మహిళా న్యాయ సహాయ కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



భరణం కేసులు, గృహహింస కేసులు, భూమి పట్టాల తగాదాలు ఇన్ని పెట్టుకుని పోలీసుల రాడార్ గురించి మాట్లాడతానంటుందేమిటీ మనిషి అని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. ఇందాక భోజనాల దగ్గర ఒకామె అడగనే అడిగింది. "మాకు కార్లెక్కడివమ్మా, స్పీడు కేసులతో మాకేం పని?" అని. న్యాయమైన ప్రశ్నే. నేను న్యాయవాదిని కాను, ఇంజనీర్ని అసలే కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. రాజ్యం చేతిలో ఒక యంత్రం ఉండి, అది ఒక అంకె చూపిస్తే, ఆ అంకె ఎదుట మనిషి మాట ఎందుకు చిన్నబోతుందన్నది నా ఆసక్తి. ఆ అంకెను ప్రశ్నించే హక్కు ఎవరికి ఉంది? ప్రశ్నిస్తే జవాబు చెప్పే బాధ్యత ఎవరిది? ఈ తగాదా అంగుళం అంగుళం చొప్పున నడిచిన చోట్లలో ఒకటి అమెరికా ట్రాఫిక్ కోర్టు. అక్కడ అందరికీ కార్లున్నాయి కనుక, లాయరుకూ నిపుణుడికీ డబ్బిచ్చుకోగలవాళ్ళు, ఎక్కువగా మగవాళ్ళు, ఆ వరుసలో నిలబడ్డారు కనుక. వాళ్ళు తమ జరిమానా తప్పించుకోవటానికి అడిగిన ప్రశ్నలే కావచ్చు, ఆ ప్రశ్నలు మనకు పనికొస్తాయి.

ముందు యంత్రం సంగతి. రాడార్ గన్ అంటే తుపాకీ ఆకారంలో ఉండే ఒక చిన్న రేడియో. కంటికి కనపడని తరంగాన్ని రోడ్డు మీదికి వదులుతుంది. ఆ తరంగం ఎదురొస్తున్న బండికి తగిలి వెనక్కి వస్తుంది. వచ్చేటప్పుడు దాని స్థాయి కొద్దిగా పెరిగి ఉంటుంది. స్టేషన్లో నిలబడి ఉన్నప్పుడు దగ్గరికొచ్చే రైలు కూత హెచ్చుగా, దాటిపోయే రైలు కూత తగ్గుగా వినిపిస్తుంది చూశారా, అదే సూత్రం. డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1842లో చెప్పాడు. అమెరికా పోలీసులు ఎక్కువగా వాడే ఒక రకం రాడార్‌లో బండి వేగం గంటకు ఒక కిలోమీటరు పెరిగితే ఈ తేడా సెకనుకు 45 కంపనాల దాకా పెరుగుతుంది. యంత్రం ఆ తేడాను లెక్కగట్టి వేగంగా చూపిస్తుంది. అంటే అది నేరుగా బండి వేగాన్ని చూడటం లేదు, తనకు తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని లెక్కిస్తోంది. ఆ ప్రతిధ్వని ఎవరిదన్నది దానికి తెలియదు. ఇక్కడే చిక్కంతా ఉంది.

తరంగం దారంలా సన్నగా పోదు. టార్చిలైటు వెలుగులా విచ్చుకుంటూ పోతుంది. పన్నెండు డిగ్రీలు విచ్చుకునే కిరణం మూడు వందల మీటర్ల దూరం వెళ్ళేసరికి అరవై మీటర్ల పైచిలుకు వెడల్పవుతుంది. ఆ వెడల్పులో రోడ్డులోని వరుసలన్నీ, పక్క రోడ్డూ, ప్రకటనల బోర్డూ అన్నీ పడతాయి. ముందు చిన్న కారు, దాని వెనక పెద్ద లారీ వస్తుంటే, లారీ రేకు నుంచి వచ్చే ప్రతిధ్వనే బలంగా ఉండి దాని వేగమే తెర మీద పడవచ్చు. పోలీసు చూస్తున్నది కారును, యంత్రం వింటున్నది లారీని. పోలీసు కారులోని హీటరు పంకా తిరగటాన్ని కూడా వేగంగా చూపించిన రాడార్‌లున్నాయి.

పోలీసు బండి కదులుతూ కొలిచేటప్పుడు ఇంకో రకం తప్పు. యంత్రం ముందు రెండు బళ్ళు ఒకదానికొకటి దగ్గరవుతున్న వేగం తీసుకుంటుంది. రోడ్డు నుంచి వచ్చే ప్రతిధ్వనిని బట్టి తన సొంత వేగం ఎంతో తెలుసుకుని దాన్ని తీసేస్తుంది. మొత్తం 160, తన వేగం 80 అయితే ఎదుటి బండిది 80. కానీ తన ముందు నడుస్తున్న లారీ వల్లనో, పక్కనున్న బోర్డు వల్లనో తన వేగాన్ని 65 అనుకుందనుకోండి, తగ్గిన ఆ 15 ఎదుటివాడి ఖాతాలో పడుతుంది. 80లో పోతున్న బండి 95 అవుతుంది. న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. ఒకచోట నిలబడి, రోడ్డుకు కొంత కోణంలో కొలిచే రాడార్ అసలు వేగం కంటే తక్కువే చూపిస్తుంది. ఇరవై డిగ్రీల కోణమైతే నూటికి ఆరు చొప్పున తగ్గిస్తుంది. ఆ తప్పు డ్రైవరుకే లాభం. అన్ని తప్పులూ పోలీసు పక్షమే అనుకోవటం పొరపాటు. అలా అనుకుని కోర్టుకెళ్ళినవాళ్ళు మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

మరి యంత్రం సరిగ్గా ఉందని ఎలా తెలుసుకుంటారు? దీనికి అమెరికా పోలీసులు వాడేది చూస్తే సంగీతం నేర్చుకున్నవాళ్ళకు నవ్వొస్తుంది. ట్యూనింగ్ ఫోర్కు. శృతి చూసుకోవటానికి వాడే రెండు కాళ్ళ ఇనప ముక్కలాంటిదే. దాన్ని కొట్టి రాడార్ ముందు పట్టుకుంటే, దాని కంపనానికి తగిన వేగం తెర మీద రావాలి. ఎంత రావాలో ఫోర్కు మీదే చెక్కి ఉంటుంది. డ్యూటీ ఎక్కేముందు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి కొట్టి చూసి పుస్తకంలో రాయాలి. రాడార్‌కు తనను తాను పరీక్షించుకునే మీట కూడా ఉంటుంది. కానీ తన గురించి తాను చెప్పుకునే మంచి ఎంతవరకు సాక్ష్యమవుతుంది? ఆ ఫోర్కు కూడా ఒక కొలతే కదా, దాన్ని ఎవరు సరిచూశారు? వినటానికి కుతర్కంలా ఉంటుంది గానీ, కోర్టుల్లో నిజంగా నడిచిన వాదన ఇది.

1955లో న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు డాంటోనియో కేసులో, రాడార్ వెనకున్న శాస్త్రాన్ని ప్రతి కేసులోనూ నిపుణుణ్ణి పిలిచి నిరూపించనక్కర్లేదంది. సూత్రం సరే, అది అందరూ ఒప్పుకున్నదే. పోలీసు చేతిలో ఆ రోజు ఉన్న ఆ ఒక్క యంత్రం సరిగ్గా పనిచేసిందా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసి, శాస్త్రం గొప్పది కనుక నా చేతిలోని డబ్బా కూడా గొప్పదే అనటం అధికారానికి బాగా అలవాటైన పని. 1979లో ఫ్లోరిడాలోని మయామీలో ఈ ముడి విప్పారు. ఒక టీవీ చానల్ పోలీసు రాడార్లతో పరీక్షలు చేసి చూపిస్తే, ఒక చెట్టు గంటకు 86 మైళ్ళ వేగంతో, అంటే దాదాపు 138 కిలోమీటర్లతో పోతున్నట్టు, ఒక ఇల్లు 28 మైళ్ళతో పోతున్నట్టు లెక్క వచ్చింది. జనం నవ్వుకున్నారు. కానీ కౌంటీ జడ్జి ఆల్‌ఫ్రెడ్ నెస్బిట్ పెండింగులో ఉన్న 80 స్పీడు కేసులు కలిపి, తొమ్మిది రోజులు విచారణ చేసి, ముప్ఫై మందికి పైగా సాక్షులను విన్నారు. ఇప్పుడు వాడుతున్న తీరులో ఈ యంత్రాల విశ్వసనీయత సందేహానికి అతీతంగా రుజువు కాలేదని ఆ ఏడు మే నెలలో తీర్పు చెప్పారు. ఆయన రాడార్ సూత్రాన్ని తోసిపుచ్చలేదు, "వాడుతున్న తీరు" అన్నారు. ఆ మాటలోనే పోలీసుకు ఇచ్చిన శిక్షణ, పరీక్షల పుస్తకం, రోడ్డు మీద రద్దీ అన్నీ వచ్చాయి. అంతకుముందు ఏడాదే విస్కాన్సిన్ సుప్రీంకోర్టు హాన్సన్ కేసులో ఏమేం చూపించాలో చెప్పి ఉంది. వాడిన పోలీసుకు శిక్షణ ఉండాలి. యంత్రం పనిచేసే స్థితిలో ఉండాలి. చుట్టుపక్కల పొరపాటుకు అవకాశం తక్కువగా ఉన్న చోట వాడి ఉండాలి. యంత్రం తనను తాను పరీక్షించుకోవటం కాక, బయటి సాధనంతో త్వరలోనే పరీక్ష జరిగి ఉండాలి. ఇవన్నీ ఉంటేనే అంకెను నమ్మటం మొదలవుతుంది.

ఆ తర్వాత అమెరికాలో రాడార్లకు ప్రమాణాలు రాశారు, పరీక్ష నెగ్గిన యంత్రాల జాబితాలు తయారు చేశారు. యంత్రాలు మెరుగయ్యాయి. అంటే ప్రశ్నించటం వల్ల చెడిందేమీ లేదు. ఒక చిన్న విషయం మాత్రం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. రాడార్ గన్‌ను ఒళ్ళో పెట్టుకు కూర్చోవటం వల్ల క్యాన్సర్ వస్తోందేమోనని పోలీసులే ఫిర్యాదు చేస్తే 1992లో కనెటికట్ రాష్ట్రం తన పోలీసులు చేత్తో పట్టుకునే రాడార్లు వాడటం ఆపేసింది. పోలీసు శరీరం మీదికి వచ్చిన అనుమానానికి అంత త్వరగా విలువ దొరికింది.

మనిషి లేకుండా యంత్రమే టిక్కెట్టు రాసే రోజులు వచ్చాక కూడా ఇదే కథ. బాల్టిమోర్ నగరంలో రాడార్‌తో పనిచేసే స్పీడు కెమెరాలు పెట్టారు. 2012లో అక్కడి దినపత్రిక బయటపెట్టిన ఉదంతంలో ఎర్ర దీపం దగ్గర ఆగి ఉన్న కారుకు 38 మైళ్ళ వేగమని టిక్కెట్టు వచ్చింది. వీడియోలో కారు కదలటం లేదు. టిక్కెట్టు కింద దాన్ని చూసి సరిగ్గా ఉందని ధ్రువీకరించిన పోలీసు సంతకం ఉంది! రోజుకు వందలకొద్దీ వాటికి సంతకాలు పెట్టే మనిషి ఏం చూస్తాడు? నగరం 2013లో ఆ కెమెరాలు ఆపేసింది. నూటికి పదికి పైగా తప్పులున్నాయని తేల్చిన తనిఖీ నివేదికను నగరం లోపలే పెట్టుకుందని, 2014 జనవరిలో మళ్ళీ ఆ పత్రికే బయటపెట్టింది.

పరిశోధన పని మీద ఒక అమెరికా పట్టణంలో ఉన్న రోజుల్లో నేను ట్రాఫిక్ కోర్టు వెనక బెంచీలో కూర్చుని చూస్తుండేదాన్ని. పిలిస్తే లేవటం, తప్పు ఒప్పుకోవటం, డబ్బు కట్టి వెళ్ళిపోవటం. మనిషికి రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు. మా అపార్టుమెంట్లలో ఉండే గుంటూరు అమ్మాయికి స్పీడు టిక్కెట్టు వచ్చింది. భర్త వీసా మీద వచ్చి ఉద్యోగానికి అనుమతి లేక ఇంట్లో ఉంటున్న అమ్మాయి. పక్క వరుసలో పోయిన పెద్ద వ్యాను వేగం తనకు అంటగట్టారని ఆమె అనుమానం. భర్త మాత్రం "మనకెందుకు గొడవ, రేపు వీసాకేమైనా అయితే? కట్టేద్దాం" అన్నాడట. "మెషిన్ చెప్పింది కదక్కా, ఇంక నేను చెప్పేదేముంది?" అని నన్ను అడిగింది. అయినా వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో రెండే ప్రశ్నలు అడిగింది. ఆ రోజు యంత్రాన్ని పరీక్షించారా? మీరు చూసిన బండి, యంత్రం చూసిన బండి ఒకటేనని ఎలా తెలుసు? పోలీసు విసుక్కోలేదు. పుస్తకం తెరిచి ఫోర్కు పరీక్ష రాసిన చోటు చూపించాడు. వ్యాను తన దగ్గరికి రాకముందే పక్కకు తిరిగిపోయిందని, ముందు కంటితో అంచనా వేసి తర్వాతే మీట నొక్కానని వివరంగా చెప్పాడు. ఆమె ఓడిపోయింది. ఓడిపోవటం సరైనదేనని ఆమెకూ అనిపించింది, నాకూ అనిపించింది. తిరిగొస్తూ కారులో ఆమె అన్నది ఇది: "వాళ్ళు నాకు జవాబు చెప్పారక్కా."

దీన్నిబట్టి యంత్రాలు వద్దనే నిర్ణయానికి రాకండి. ఫెర్గూసన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. మిస్సోరీ రాష్ట్రంలో నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే ఊరు. అక్కడి పోలీసుల మీద అమెరికా న్యాయశాఖ 2015 మార్చిలో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. నల్లవాళ్ళకు వాళ్ళ జనాభా వాటాకు మించి స్పీడు టిక్కెట్లు రాశారు. ఆ అసమానత రాడార్, లేజర్ వంటివి వాడిన కేసుల్లో కంటే, పోలీసు కంటి అంచనా వంటి పద్ధతులతో రాసిన కేసుల్లో 48 శాతం ఎక్కువగా ఉంది. అంటే యంత్రం ఉన్నచోట పక్షపాతానికి కొంతైనా పగ్గం పడింది. పోలీసు కన్ను కూడా ఒక పరికరమే, దాన్ని ఏ ఫోర్కుతోనూ శృతి చేయలేం. కనుక నా వాదన యంత్రానికి వ్యతిరేకంగా కాదు. కంటిని అదుపులో పెట్టటానికి యంత్రం, యంత్రాన్ని అదుపులో పెట్టటానికి పరీక్ష, ఆ పరీక్షను చూపించమని అడగటానికి మనిషి. ఈ వరుసలో చివరి మనిషికి డబ్బు, భాష, తీరిక ఉంటేనే అది నడుస్తుంది. అదే నివేదికలో ఒక నల్లజాతి స్త్రీ కథ ఉంది. 2007లో ఒకే ఒక్కసారి కారు తప్పుచోట నిలిపినందుకు 151 డాలర్ల జరిమానా, పైన రుసుములు. ఆమె నిలవ నీడ లేని స్థితిలో కోర్టు తేదీలకు రాలేకపోయింది. రెండుసార్లు అరెస్టయింది, ఆరు రోజులు జైల్లో ఉంది. 550 డాలర్లు కట్టింది. 2014 డిసెంబరు నాటికి ఇంకా 541 డాలర్లు బాకీ. చిన్న కేసు అన్న మాట ఎవరి కోణంలోంచి అంటున్నామో ఆలోచించండి.

చిన్న కేసుల్లో పడిన అలవాటు పెద్ద కేసుల్లోకి ఎలా పాకుతుందో చూడటానికి బ్రిటన్‌ను మించిన ఉదాహరణ లేదు. అక్కడ 1950లోనే, పోలీసు బండి స్పీడోమీటరును పరీక్షించినట్టు సాక్ష్యం లేకపోయినా దాన్ని నమ్మి శిక్ష వేయవచ్చన్న తీర్పు వచ్చింది. 1984 చట్టంలో మాత్రం కంప్యూటర్ ఇచ్చిన కాగితాన్ని సాక్ష్యంగా పెడితే అది సరిగ్గా పనిచేస్తోందని చూపించాలన్న నిబంధన పెట్టారు. తాగి బండి నడిపిన కేసుల్లో ఈ నిబంధన చిక్కులు పెట్టింది. ఊపిరి పరీక్ష యంత్రంలోని గడియారం తప్పు సమయం చూపింది కనుక యంత్రం మొత్తాన్ని నమ్మకూడదన్న వాదన 1997లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి ఓడిపోయింది. ఓడిపోవలసినదే కావచ్చు. కానీ ఈ చికాకంతా ఎందుకని 1999లో చట్టం చేసి ఆ నిబంధననే తీసేశారు. అప్పటినుంచి యంత్రం సరిగ్గానే ఉందని కోర్టు ముందే అనుకుంటుంది. కాదనేవాళ్ళే చూపించుకోవాలి.

దాని ఫలితం ఎవరి మీద పడింది? పోస్టాఫీసుల్ని నడిపే చిన్న మనుషుల మీద. హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల్లో డబ్బు తక్కువ చూపించిందని, 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా దొంగలుగా ముద్రపడ్డారు. సీమా మిశ్రా అనే భారత సంతతి స్త్రీని 2010 నవంబరులో, గర్భవతిగా ఉండగా, జైలుకు పంపారు. ఆ కంప్యూటర్ లోపాల వివరాలు ఇవ్వమని ఆమె తరఫువాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగారు, దొరకలేదు. 2019లో హైకోర్టు ఆ వ్యవస్థలో దోషాలున్నాయని తేల్చింది. 2021 ఏప్రిల్లో ఆమెతో సహా 39 మంది శిక్షలు రద్దయ్యాయి. 2024లో మిగతావాళ్ళలో చాలామంది కోసం ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. స్పీడు కేసుల్లోనూ ఊపిరి పరీక్షల్లోనూ "ఇంత చిన్నదానికి యంత్రాన్ని అనుమానించటమేమిటి" అన్న మాట చివరకు ఎక్కడ తేలిందో చూశారు. మన దగ్గర వేలిముద్ర పడలేదని రేషను షాపు నుంచి తిప్పి పంపించిన ముసలమ్మలను మీరు చూశారు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల్లో ఫోన్ ఆప్ హాజరు తప్పనిసరి చేసినప్పుడు ఫోటో ఎక్కలేదని కూలి పోగొట్టుకున్నవాళ్ళు మీలోనే ఉండవచ్చు. రాళ్ళెత్తి, బోళ్ళు తోమి అరిగిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టకపోతే తప్పు వేళ్ళదయింది.

ఇక మన చట్టం. మనకు మంచి పునాదే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం, బండి వేగంగా పోయిందని ఒక్క సాక్షి తన అభిప్రాయం చెప్పినంత మాత్రాన శిక్ష వేయకూడదు. ఆ అభిప్రాయానికి ఏదైనా యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరంతో తీసిన అంచనా ఆధారంగా ఉండాలి. ఫెర్గూసన్‌లో లోపించిన రక్షణ ఇదే. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ చేర్చారు. వేగం కొలిచే ఎలక్ట్రానిక్ పరికరానికి ప్రభుత్వం నియమించిన అధికారి నుంచి ఆమోద పత్రం ఉండాలని, దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలని, నోటీసు 15 రోజుల్లోపు పంపాలని, నోటీసుతో పాటు ఫోటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం ఇవ్వాలని, సాక్ష్య చట్టం 65బి కింద ధ్రువపత్రం కూడా ఉండాలని అందులో రాశారు. ఆ సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులో 63వ సెక్షన్ ఆ పని చేస్తుంది.

అన్నిటికంటే నాకు ఆసక్తిగా ఉన్నది తూనికలు కొలతల శాఖ చేసిన పని. రైతు బజారులో కూరగాయలమ్మే ఆమె కాటాకు ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. ముద్ర గడువు దాటితే కాటా ఎత్తుకుపోతారు. పావుకిలో వంకాయలు తూచే కాటా మీద రాజ్యానికి అంత శ్రద్ధ. పౌరుల వేగం తూచే రాడార్లకు ప్రత్యేకించి నియమాలు మాత్రం 2025 ఏప్రిల్లో గాని ప్రకటించలేదు. జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నియమాల ప్రకారం పోలీసు రాడార్‌ను కూడా సరిచూసి ముద్ర వేయాలి. ఇది రాడార్లకు చేసిన నియమం. హైదరాబాదు చుట్టుపక్కల మన పోలీసులు లేజర్ గన్లు వాడటం మీరు చూసే ఉంటారు. లేజర్ పద్ధతి వేరు. అది కాంతి తునకల్ని పంపి అవి తిరిగి రావటానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. దాని కిరణం సన్నం కనుక పక్క బండి గొడవ తక్కువ. కానీ చెయ్యి కదిలి చుక్క బండి ముందు భాగం నుంచి పక్కకు జారితే ఆ జారిన దూరం కూడా వేగంలో కలుస్తుంది. కనుక నోటీసు చూడగానే అడగవలసింది, ఏ పరికరంతో కొలిచారన్నది.

వేగం వద్దనేవాళ్ళలో నేను ముందుంటాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మంది మితిమీరిన వేగం వల్లనేనని ప్రభుత్వ లెక్క. తెల్లవారుజామున రోడ్డు ఊడ్చే ఆమె, బడికి పిల్లను చేత్తో పట్టుకుని రోడ్డు దాటే ఆమె ఆ వేగానికి బలవుతారు. వేగాన్ని నిజంగా అదుపు చేయాలనుకునే ప్రభుత్వానికి నమ్మదగిన కొలత ముందు కావాలి. జరిమానా వసూలే పరమార్థమైతే కొలత మీద అంత పట్టింపు ఉండదు. 2022 మార్చిలో తెలంగాణ పోలీసులు పాత చలాన్ల మీద రెండు చక్రాల బళ్ళకు 75 శాతం తగ్గింపు ప్రకటించారు. 2023 డిసెంబరులో మళ్ళీ ఇంకోసారి. ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లా జనం వరుసకట్టి కట్టారు. నాలుగో వంతుకే వదిలిపోతుంటే, ఆ చలాను న్యాయమైనదా అని అడిగే ఓపిక ఎవరికుంటుంది? తప్పు లేని మనిషి పావు వంతు ఎందుకు కట్టాలి?

ఇందులో ఆడవాళ్ళకు ప్రత్యేకంగా తగిలేది ఒకటుంది. కెమెరాకు దొరికిన బండి చలాను యజమాని పేరున వస్తుంది. బండి పేరు ఆమెది, తాళం అతనిది, అన్న ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. అప్పు కోసమో మరో సౌకర్యం కోసమో భార్య పేరున బండి కొంటారు. ఆ బండి ఎవరు నడిపారని అధికారి అడిగితే 133వ సెక్షన్ కింద యజమాని చెప్పి తీరాలి. విడిపోయిన భర్త చేతిలో ఉన్న బండికి ఆమె ఫోనుకు చలాన్లు వస్తుంటాయి. అతని పేరు రాసిస్తే ఇంకో గొడవ. మీ దగ్గరికి గృహహింస కేసుతో వచ్చిన స్త్రీని ఆస్తుల సంగతి అడిగేటప్పుడు బండి ఎవరి పేరున ఉంది, దాని మీద చలాన్లు ఏమైనా ఉన్నాయా అన్నది కూడా అడగండి. ఉంటే బండి అతని స్వాధీనంలో ఏ తేదీ నుంచి ఉందో ఆమె అర్జీలో స్పష్టంగా రాయించండి.

స్పీడు నోటీసు పట్టుకుని ఎవరైనా వస్తే వెంటనే కట్టించకండి, వెంటనే కోర్టుకూ పరుగెత్తించకండి. ముందు ఫోటో చూడండి. బండి నంబరు కనిపిస్తోందా? పక్కన ఇంకో బండి ఉందా? స్థలం పేరు, సమయం ఆమె చెప్పేదానితో సరిపోతున్నాయా? నేరం జరిగిన తేదీకి, నోటీసు వచ్చిన తేదీకి మధ్య ఎన్ని రోజులు? పరికరం నంబరు రాశారా? రాయకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ తేదీన, ఆ స్థలంలో వాడిన పరికరం ఏది, దాని ఆమోద పత్రం, సరిచూసిన ముద్ర తేదీ ఇవ్వమని పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. తెల్లరేషను కార్డున్న ఆమె పేరున పెడితే ఆ రుసుము కూడా అక్కర్లేదు. జవాబుకు ముప్ఫై రోజులు పడుతుంది, ఈలోగా చలాను గడువు గమనించుకోండి. పత్రాలు సరిగ్గా ఉండి ఆమె నిజంగానే వేగంగా పోయి ఉంటే జరిమానా కట్టమనే చెప్పండి. దరఖాస్తు నమూనా ఒకటి రాసుకొచ్చాను, వెనక బల్ల మీద ఉంది, తలా ఒకటి తీసుకోండి. లేజర్ గన్ల ఆమోద పత్రాల కోసం ఒకే నెలలో వేరువేరు జిల్లాల నుంచి మీరందరూ అడిగితే, వచ్చిన జవాబులు పక్కపక్కన పెట్టుకుని వచ్చే సమావేశంలో చూద్దాం.